మూల నుంచి అల్లిన నీలం శాలువా

మా ఇంట్లో ప్రార్థన తెలుగులో, పోట్లాట తెలుగులో, అల్లిక మాత్రం హిందీలో. మా అమ్మ శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయి జంషెడ్‌పూర్ వచ్చేవరకు ఊలు ముఖం చూసిన మనిషి కాదు. ఉప్పుగాలికి పెరిగిన మనిషికి ఇక్కడి డిసెంబరు చలి కొత్త. గోల్‌మురి క్వార్టర్లలో ఒక పంజాబీ ఆవిడ ఎండలో మంచం వేసుకుని కూర్చుని అల్లుతుంటే, పక్కన చేరి నేర్చుకుంది. అమ్మ తర్వాత నేనూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆవిణ్ణి మేమందరం ఆంటీజీ అంటాం. ఇప్పటికీ మా వీధిలోనే ఉంటుంది. సూది మీద నిలిచే ఒక్కొక్క ఉచ్చునీ ఆవిడ ఫందా అంటుంది కాబట్టి మేమూ ఫందా అనే అంటాం. దాన్ని తెలుగులో ఏమంటారో నాకు ఈ వయసులోనూ తెలీదు. మా చర్చిలో అడిగి చూశాను, అక్కడా ఎవరికీ తెలీదు.

నా పేరు సుగుణ. ఇక్కడి ఒక హైస్కూల్లో పై తరగతులకు సైన్సు చెబుతాను. కిందటి సంవత్సరం నాకు రొమ్ము కేన్సర్ వచ్చింది. కోయించుకున్నాను, మందులెక్కించుకున్నాను, రేడియేషన్ కరెంటు పెట్టించుకున్నాను, ఇప్పుడు బాగున్నాను. మూణ్ణెల్లకోసారి చూపించుకోవడానికి వెళితే, బయట బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్ళు నా భుజాల మీది నీలం శాలువా చూసి ఎక్కడ కొన్నారని అడుగుతారు. కొనలేదంటే కథ చెప్పమంటారు. కథ సగంలో ఉండగా వాళ్ళనో నన్నో లోపలికి పిలుస్తారు. అందుకని మొత్తం ఒకచోట రాసి పెడుతున్నాను. మధ్యమధ్య గొప్పలు పోతాను, సర్దుకోండి.

జనవరిలో స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని పట్టించుకునే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. పైగా పదో తరగతి పిల్లలకి పరీక్షలు దగ్గరపడుతున్నాయి. వాళ్ళ పరీక్షలయ్యాక చూపించుకుందాంలే అనుకున్నాను. పిల్లలు పరీక్షలు రాశారు, బాగానే రాశారు, నేను డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి మార్చి వచ్చింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, "ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారు?" అని అడిగింది. సైన్సు చెబుతున్నానని చెప్పడానికి నోరు రాలేదు. ఇది చదువుతున్న ఆడవాళ్ళకి నేను చెప్పే జాగ్రత్త ఒక్కటే. నొప్పి లేదని ఊరుకోకండి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని పెట్టుకోకండి.

మా ఆయన స్టీలు మిల్లులో షిఫ్టు డ్యూటీ మనిషి. ఇంట్లో ఏ కష్టం వచ్చినా ఆయన దగ్గర ఒకటే మందు: "సూద్దాంలే." నల్లా చెడిపోయినా సూద్దాంలే, అమ్మాయికి జ్వరమొచ్చినా సూద్దాంలే. డాక్టరమ్మ కాగితం చదివి విషయం చెప్పిన రోజు ఆయన నా పక్కనే కూర్చున్నారు. ఆ మాట కోసం ఎదురుచూశాను. అనలేదు. బయటికొచ్చి స్కూటర్ తాళం కోసం జేబులన్నీ వెతుక్కున్నారు. తాళం ఆయన చేతిలోనే ఉంది. నాకు నిజంగా భయమేసింది అప్పుడు.

ఆపరేషన్ సంగతి రాయను. నిద్రపోయాను, లేచాను, ఎడమవైపు తేలికగా ఉంది. అంతకంటే రాయడానికి ఏమీ లేదు. పరామర్శకి వచ్చినవాళ్ళ గురించి మాత్రం రాయకుండా ఉండలేను. చర్చి స్త్రీల సమాజం నుంచి వచ్చినవాళ్ళు దానిమ్మకాయలు తెచ్చారు, ప్రార్థన చేశారు, కూరలు వండి ఇచ్చి వెళ్ళారు. వాళ్ళ రుణం తీర్చుకోలేను. కానీ వాళ్ళలో ఒకావిడ నా మంచం పక్కన కూర్చుని, "మా ఆడపడుసుకీ ఇదే వచ్చిందమ్మా" అంది.

"ఇప్పుడెలా ఉందండీ?" అన్నాను ఆశగా.

"పోయింది" అంది ఆవిడ, దానిమ్మకాయ ఒలుస్తూ.

మా అమ్మాయి రేచల్ ఆవిణ్ణి మర్యాదగా వంటింట్లోకి తీసుకెళ్ళి టీ ఇచ్చి అటునుంచి అటే పంపించేసింది. రేచల్ ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తుంది. మేం తెలుగులో అడిగితే అది హిందీలో జవాబు చెబుతుంది. ఈ ఊళ్ళో పుట్టిన పిల్లలందరూ అంతే.

ఏప్రిల్ నుంచి మందులెక్కించడం మొదలైంది. మూడు వారాలకోసారి వెళ్ళాలి. పొద్దున వెళితే పేరు పిలిచేసరికి మధ్యాహ్నమయ్యేది. మే నెలలో ఒకరోజు, బయట వడగాలికి కళ్ళు మండుతున్నాయి, లోపల ఏసీ గదిలో మాత్రం మాకు పళ్ళు టకటకలాడుతున్నాయి. ముందే తెలుసు కాబట్టి స్కూలుకి వేసుకెళ్ళే నా నీలం కార్డిగన్ సంచిలో పెట్టుకుని వెళ్ళాను. చాలా ఏళ్ళ కిందట నేనే అల్లుకున్నది. సూది కుడిచేతికి పెడతారు, కనీసం ఎడమచెయ్యి వరకైనా తొడుక్కుని మిగతాది భుజం మీద వేసుకుందామనుకున్నాను. చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. లాగాను. నర్సు వచ్చి, లాగొద్దని, ఆపరేషనైన వైపు చెయ్యి కొందరికి ఇలా వాస్తుందని, వ్యాయామం చేస్తే కొంత తగ్గుతుందని చెప్పింది. మొత్తం తగ్గుతుందా అని అడిగితే వేరే మంచం వైపు వెళ్ళిపోయింది.

పక్క మంచం మీద ఉన్నావిడ నన్ను చూస్తోంది. చాయిబాసా అవతల పల్లె నుంచి వచ్చిందట, పేరు సుమిత్ర. తను కప్పుకున్న దుప్పటి అంచు పట్టుకుని నా మీదికి విసిరింది. "ఆధా ఆధా, దీదీ" అంది, చెరి సగమని. రెండు మంచాలూ దగ్గరగా ఉండబట్టి సరిపోయింది. ఒకే దుప్పటి కింద ఇద్దరం, చెరో సీసా వేలాడదీసుకుని, ఆ మధ్యాహ్నమంతా పడుకున్నాం.

ఇక్కడ మా స్కూలు రూలు చెప్పాలి. చలికాలంలో పిల్లలే కాదు, టీచర్లూ స్కూలు నీలం వేసుకోవాలి. కార్డిగన్ వేసుకుంటారో శాలువా కప్పుకుంటారో మీ ఇష్టం, రంగు మాత్రం అదే నీలం. మా హెడ్మిస్ట్రెస్ తిర్కీ మేడమ్ సోమవారం అసెంబ్లీలో వరసల వెంట నడుస్తుంది. ముందు పిల్లల్ని చూస్తుంది, తర్వాత మమ్మల్ని. ఒక ఛాయ తేడా ఉన్నా ఆగుతుంది. మేడమ్ ఆగితే చిన్నపిల్లలకంటే మాకే ఎక్కువ గుండె దడ. రిటైరయ్యే వయసు వాళ్ళు కూడా ఆ నిమిషంలో కడుపు లోపలికి లాగి నిలబడతారు.

ఆ వారంలోనే మేడమ్ ఫోన్ చేసింది. "సుగుణా, నువ్వేం దిగులు పెట్టుకోకు. ఎప్పుడు రాగలిగితే అప్పుడు రా. లైబ్రరీలో కూర్చో. అసెంబ్లీకి రానక్కర్లేదు, నీలం వేసుకోనక్కర్లేదు. నీకు ఏ రూలూ లేదు" అంది. ఎంతో ప్రేమగా అంది. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. జుట్టు ఊడినప్పుడు కూడా అంత ఏడవలేదు. రూలు లేదంటే నేను లెక్కలో లేనట్టే కదా. నాకు రూలు కావాలి. అందరితో పాటు వరసలో నిలబడాలి, మేడమ్ నన్ను కూడా పైనుంచి కిందికి చూడాలి. లేకపోతే ఆ స్కూల్లో నేను టీచర్ని కాను, జాలిపడి రానిచ్చిన చుట్టాన్ని. జనవరిలో చలికాలం సెలవులయ్యేసరికి వెళ్ళి తీరాలని, స్కూలు నీలంలోనే వెళ్ళాలని అప్పుడు పట్టుబట్టాను.

నీలం ఎలా? రేచల్ బిష్టుపూర్‌లో యూనిఫాం అమ్మే దుకాణం నుంచి అన్నిటికంటే పెద్ద సైజు కార్డిగన్ తెచ్చింది. చెయ్యి పట్టింది. మిగతాదాంట్లో ఇంకో సుగుణ పట్టేంత చోటు మిగిలింది. అద్దంలో చూసుకుని ఇద్దరం నవ్వుకున్నాం, తర్వాత నవ్వు రాలేదు. శాలువాకైతే చేతులుండవు. కానీ ఆ నీలంలో శాలువాలు, ఊలు ఉండలు అమ్మడం మానేసి చాలా కాలమైంది. దుకాణం కార్డిగన్లు మిషను మీద అల్లి కత్తిరించి కుట్టినవి, విప్పితే ముక్కలే వస్తాయి. ఆ రంగు ఊలు ఈ ఊరు మొత్తంలో ఉన్నది ఒక్కచోటే. అది నా పాత కార్డిగన్.

మర్నాడు వరండాలో కూర్చుని కుట్లు కత్తిరించాను. పాత స్వెట్టరు విప్పి కొత్తది అల్లుకోవడం ఇక్కడి ఇళ్ళలో మామూలే. దారం కొస దొరికితే చాలు, వరస వెనక వరస వచ్చేస్తుంది. మెడ అయిపోయి, వీపు సగం అయ్యేసరికి రేచల్ ఆఫీసు నుంచి వచ్చింది. నా ఒడి నిండా వంకర్లు తిరిగిన నీలం దారం.

"మమ్మీ! యే క్యా కర్ దియా?" అంది, ఇదేం చేశావని.

"విప్పుతన్నాను."

అది చెప్పులు విప్పకుండానే నా ముందు కూర్చుంది. "నువ్వింక స్కూలుకి వెళ్ళవా?" అంది, తెలుగులో. రేచల్ నాతో తెలుగులో మాట్లాడిందంటే సంగతి చాలా దూరం వెళ్ళిందని అర్థం. "డాక్టర్ నీకేమైనా చెప్పారా? నాకు చెప్పట్లేదా?"

"వెళ్ళడానికే విప్పుతన్నానే పిచ్చిదానా. దీనికి చేతులున్నాయి, అవే అడ్డం."

కాసేపు నమ్మలేదు. నమ్మాక నా ఒడిలో తల పెట్టుకుని ఏడ్చింది. ఊలంతా తడిసింది. ఎలాగూ ఉతకాల్సిందే కాబట్టి ఏమీ అనలేదు.

దారాన్ని కుర్చీ వీపుకి చుట్టి, ఉతికి, వంకరలు పోవడానికి కింద బరువు కట్టి ఆరేశాను. మోచేతుల దగ్గర అరిగి తెగిపోయిన ముక్కలు పారేయగా మిగిలిన ఉండలు చూస్తే దిగులేసింది. కార్డిగన్‌లో ఎంతో ఉన్నట్టు కనిపించిన ఊలు చిన్న బుట్టలో కూర్చుంది. శాలువాకి సరిపోతుందా లేదా తెలీదు. వెళ్ళి ఆంటీజీని అడిగాను. ఆవిడకి చెవులు సరిగా వినపడవు, చేతులు మాత్రం బాగా వింటాయి. ఊలు వేళ్ళతో నలిపి చూసి, "కోనే సే షురూ కర్" అంది. మూల నుంచి మొదలుపెట్టు.

అంటే ఇలా. ఒక్క ఫందాతో మొదలుపెట్టాలి. వరసకొకటి పెంచుకుంటూ పోవాలి. శాలువా ఒక మూల నుంచి ఏటవాలుగా వెడల్పవుతూ వస్తుంది. ఊలు సరిగ్గా సగం అయిపోయినచోట పెంచడం ఆపి, వరసకొకటి తగ్గించుకుంటూ రావాలి. చివరి ఫందా దగ్గర ఊలూ అయిపోతుంది, ఎదుటి మూలా వచ్చేస్తుంది. ముందుగా కొలతలు వేసుకుని మొదలుపెడితే మధ్యలో ఊలు అయిపోయి బిక్కమొహం వేయాలి. ఇలా అయితే ఎంత ఊలుకి అంత శాలువా. సగం ఎక్కడో కనిపెట్టడమే అసలు పని. క్రిస్మస్ కేకులకని రేచల్ కొన్న చిన్న తూకం యంత్రం మీద ఉండలన్నీ పెట్టి తూచి, సగమెంతో గుర్తుపెట్టుకున్నాను. సైన్సు టీచర్ని కదా, తూకమంటే నాకు మహా ధీమా.

జూన్, జూలై. జుట్టు లేదు, నోట్లో రుచి లేదు, కొత్తగా వేళ్ళల్లో స్పర్శ కూడా పోయింది. ఆ మందుకి అలా అవుతుందని చెప్పారు. దళసరి గ్లౌజులు తొడుక్కుని పనిచేసినట్టు ఉండేది. ఇదివరకు టీవీ చూస్తూ, పేపర్లలో తప్పులు రాసిన పిల్లల్ని తిడుతూ అల్లేదాన్ని. ఇప్పుడు ప్రతి ఫందానీ కళ్ళతో చూసి, సూది దూరిందని రూఢి చేసుకుని, దారం లాగాల్సి వచ్చేది. జారిపోయిన ఫందా జారిందని కూడా తెలిసేది కాదు. ఆస్పత్రిలో సుమిత్ర, నేను ఒకే రోజు పడేలా చూసుకునేవాళ్ళం. నేను అల్లుతుంటే ఊలు ఉండ తన ఒడిలో పెట్టుకుని, నాకు కావలసినంత దారం వదిలేది. ఉండ ఒకసారి జారి బెంచీల కింద దొర్లుకుంటూ పోతే, వరసలో కూర్చున్న వాళ్ళంతా కాళ్ళు పైకెత్తారు. అంతమంది రోగులు ఒకేసారి నవ్వడం ఆ గదిలో అదే మొదటిసారి చూశాను.

మా ఇంట్లో మాత్రం నవ్వులు తక్కువే. మా ఆయన మాటలు తగ్గించేశారు. డ్యూటీ, మందులు, వంట. కూరలో ఉప్పు మరిచిపోయినా నేను ఏమీ అనేదాన్ని కాదు, ఆయన అడిగేవారు కాదు. నేను అల్లుతుంటే ఓ పక్కన నిలబడి చూసేవారు. ఏమిటని అడిగితే "ఏటీ లేదు" అనేవారు. ఆ మౌనానికి నాకు ఒళ్ళు మండేది. ఆయనకీ భయమేస్తుందన్న సంగతి నా భయంలో నాకు తట్టలేదు.

ఆగస్టు చివర్లో మందులయ్యాయి. అదే వారంలో మిగిలిన ఉండ తూచి చూస్తే సరిగ్గా సగం. వాన కురుస్తూనే ఉంది, గోడలు చెమ్మగిల్లాయి, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరైంది. నేను ఉత్సాహంగా తగ్గించడం మొదలుపెట్టాను. ప్రతి వరసా ముందుదానికంటే చిన్నది కావడంతో ఎంత హాయిగా ఉండేదో. సెప్టెంబరు, అక్టోబరు కరెంటు పెట్టించుకోవడానికి తిరగడంలో గడిచాయి. ఆ బెంచీల మీద సుమిత్ర లేదు. తన వైద్యం పూర్తయి ఊరెళ్ళింది. అప్పుడప్పుడు ఫోన్ చేసి, ముందు శాలువా ఎంతవరకు వచ్చిందని, ఆ తర్వాత నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగేది. నాకా వరస నచ్చేది.

నవంబరు చివర్లో ఊలు అయిపోయింది. మూల రాలేదు. జానెడు ఖాళీ ఉండిపోయింది.

ఉండ పెట్టిన బుట్ట తిరగేశాను, మంచం కింద చూశాను, దొంగిలించిందేమోనని పక్కింటి పిల్లిని కూడా అనుమానించాను. అప్పుడు తట్టింది. మొత్తం ఊలు తూచింది మే నెల వడగాలిలో, ఎండి కరకరలాడుతున్నప్పుడు. సగం తూచింది ఆగస్టు ముసురులో, తేమ పీల్చుకుని ఉబ్బి ఉన్నప్పుడు. ఉండలో ఉన్నది సగం ఊలు కాదు, సగానికి తక్కువ ఊలూ, కాస్త వాన నీళ్ళూ. ఊలు గాలిలో తేమ పీల్చుకుంటుందని ఏళ్ళ తరబడి బోర్డు మీద రాసి, పిల్లల చేత వల్లె వేయించిన మనిషిని. పరీక్షలో రాయని పిల్లలకి మార్కులు కోసిన మనిషిని. కుర్చీలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వి నవ్వి, శాలువా రెండో సగం చేతిలోకి తీసుకుని చూస్తే ఇంకో సంగతి కనిపించింది. మందులయ్యాక కూడా కొన్నాళ్ళు స్పర్శ ఇంకా తగ్గింది, అప్పుడు అల్లిన ఫందాలన్నీ మొదటి సగంకంటే వదులు. ఒక్కొక్కదాంట్లో చిటికెన వేలు దూరుతుంది. అంత ఊలూ అవే తినేశాయి.

రేచల్ బిష్టుపూర్ తిరిగింది, సాక్చి తిరిగింది, ఫోన్లో వెతికి తెప్పించింది. నాలుగు రకాల నీలాలు వచ్చాయి, ఒక్కటీ స్కూలు నీలం కాదు. "జరా సా హీ తో హై, మమ్మీ. కాస్తేగా, మూలేగా, వెనక్కి పోతుంది, ఎవరు చూస్తారు?" అంది. మేడమ్ చూస్తుంది. మేడమ్ చూడకపోయినా నేను చూస్తాను. జానెడు వేరే రంగు అతికించుకుని వెళితే, పాపం ఒంట్లో బాలేదు కదా అని ఊరుకుంటారు. ఆ పాపం తప్పించుకోవడానికే కదా ఇంత పాటు.

సగానికి కొన్ని వరసల ముందు వరకు విప్పేసి మళ్ళీ అల్లాలని తేల్చుకున్నాను. సూది తీశాను. దారం కొస పట్టుకున్నాను. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన చూశారు.

"ఏటే అది? మళ్ళీ ఇప్పుతన్నావా?"

"తక్కువొచ్చిందండి. విప్పి అల్లుతాను."

"ఒగ్గీ! అక్కడితో ఒగ్గీ!" అని అరిచారు, వదిలెయ్యమని. ఆయన అంత గట్టిగా అరవడం మా పెళ్ళయ్యాక నేను వినలేదు. "అన్నాళ్ళు ఆ ఏళ్ళతోని ఎంత యాతన పడ్డావో నాను సూణ్ణేదా? పక్కనుండి సూసినాను. ఒకో పోగుకి నువ్వు కళ్ళు సిట్లించుకోడం సూసినాను. అదంతా ఇప్పీస్తావా?"

నేనూ అరిచాను. ఇన్నాళ్ళూ నోరు విప్పని మనిషికి ఇప్పుడెందుకు వచ్చిందని అడిగాను. పదినెల్ల నుంచీ లోపల పెట్టుకున్నదంతా ఆయన మీద కుమ్మరించాను. ఆయన చెప్పులతోనే మంచం మీద కూర్చున్నారు.

"నువ్వు అల్లుతున్నన్నాళ్ళూ నువ్వుంటావని నాకు ధైర్యంగుండేదే" అన్నారు మెల్లగా. "అది ఎనక్కి పోతంటే సూళ్ళేను."

ఆయన పక్కన కూర్చుని నా కుడిచెయ్యి ఆయన అరచేతిలో పెట్టాను. "ఇదిగో, మీ చెయ్యి గరుకు తెలుస్తోంది. ఆగస్టులో తెలిసేది కాదు. ఈసారి ఇంకా బాగా వస్తుంది" అన్నాను. ఆయన లేచి ముఖం కడుక్కుని వచ్చి, నా ఎదురుగా కూర్చుని రెండు చేతులూ చాచారు. "సుట్టు" అన్నారు. నేను విప్పుతుంటే ఆ చేతులకి దారం చుట్టుకుంటూ పోయింది. నిండా మునిగాక చలేమిటని, సగం దాటి ఇంకాస్త వెనక్కే విప్పాను.

డిసెంబరంతా అల్లాను. పగలు డాబా మీద ఎండలో, ఆంటీజీ పక్కన. వ్యాయామాలతో ఎడమచెయ్యి వాపు కొంత తగ్గింది, కొంత ఉండిపోయింది, ఎప్పటికీ ఉంటుందట. వేళ్ళు మాత్రం రోజురోజుకీ మేలుకున్నాయి. మొదట చూపుడువేలు, తర్వాత బొటనవేలు. ఒకరోజు ఆంటీజీతో కబుర్లలో పడి, చాలా వరసలు కిందికి చూడకుండానే అల్లేశాననే సంగతి గమనించలేదు. గమనించి చూస్తే ఒక్క ఫందా కూడా జారలేదు. ఆంటీజీ వాటి మీద గోటితో గీసి, వదులు లేదని చూసుకుని, "శాబాష్" అంది. ఆవిడ నన్ను అలా మెచ్చుకోవడం నేను పావడాలు కట్టుకున్న రోజుల్లో జరిగింది, మళ్ళీ ఇప్పుడే. క్రిస్మస్ కేకులు చేస్తున్న రోజున చివరి ఫందా మూశాను. మూల వచ్చింది. చిటికెన వేలికి చుట్టుకునేంత దారం మిగిలింది. గర్వంగా ఉంది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. జబ్బు చేసిన చేతులతో, అయిపోయే ఊలుతో, తప్పు తూకంతో, నేను శాలువా పూర్తి చేశాను. మీలో ఎవరైనా ఇప్పుడు ఆ బెంచీల మీద కూర్చుని ఉంటే, మీకు అల్లిక రాకపోయినా ఫరవాలేదు, చేతులకి మీదైన పని ఏదో ఒకటి పెట్టుకోండి. తప్పు పోతే విప్పండి. మళ్ళీ చేయడానికి రోజులుంటాయి.

జనవరిలో స్కూలు తెరిచిన సోమవారం, శాలువాని ఏటవాలుగా మడిచి భుజాల మీద వేసుకున్నాను. వాచిన చెయ్యీ, రెండు భుజాలూ కప్పి ముందుకి సరిపోయింది. జారకుండా రేచల్ తన పిన్ను తెచ్చి పెట్టింది. ఫోన్‌లో మేడమ్ ఏమన్నదో నాకు గుర్తుంది. అయినా నేరుగా అసెంబ్లీ మైదానంలోకి వెళ్ళి టీచర్ల వరసలో నిలబడ్డాను. ప్రార్థన అయింది. మేడమ్ పిల్లల వరసలు చూసి మా వైపు వచ్చింది. నా పక్కన కొత్తగా చేరిన టీచర్ దగ్గర ఆగి, "ఇది మన నీలం కాదు, రేపు సరైంది వేసుకురా" అంది. తర్వాత నా ముందుకి వచ్చింది. నేను కడుపు లోపలికి లాగి నిలబడ్డాను. నన్ను చూసి మేడమ్ కళ్ళు చెమర్చాయి, ఒక్క క్షణమే. ఆ వెంటనే భుజం దగ్గర నుంచి అంచు వరకు శాలువా చూసింది. ముందుకి అడుగేసింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"సుగుణా మిస్, ఈ మెరిసే పిన్ను ఏమిటి? అసెంబ్లీలో రాళ్ళ నగలు పెట్టుకోకూడదని తెలీదా? రేపు ఇది కనబడకూడదు" అంది, అందరికీ వినబడేలా.

"సారీ మేడమ్" అన్నాను. నవ్వు కనబడకుండా తల వంచుకున్నాను. వరస చివరిదాకా చూసి మేడమ్ వెళ్ళిపోయింది.

ఇంటర్వెల్‌లో మా ఆయనకి ఫోన్ చేశాను. "ఏమండీ, మేడమ్ నన్ను అందరి ముందూ తిట్టిందండీ" అన్నాను.

అవతల మిల్లు చప్పుడు.

"మరింకేటి" అన్నారు, "నువ్వు ఉజ్జోగంలోకి వచ్చీసినట్టే."